ఎండు నెత్తళ్ళ మీద ఎనిమిదేళ్ళ నింద

బీపీ చూడటానికి నర్సు అమ్మ చేతికి పట్టీ చుట్టి మూడోసారి గాలి కొడుతోంది, రీడింగు సరిగ్గా రావడం లేదని. ఉన్నట్టుండి అమ్మ వేళ్ళు వాటంతట అవే దగ్గరకు వచ్చేశాయి. బొటనవేలు అరచేతిలోకి మడతపడింది, మిగతా నాలుగూ నిటారుగా ఒకదానికొకటి అతుక్కున్నాయి, మణికట్టు కిందికి వంగింది. ముగ్గు వేయడానికి పిండి పట్టుకున్న చెయ్యిలా ఉంది చూడటానికి. "బిగించకమ్మా, వదులుగా పెట్టు" అంది నర్సు. "నానేటి బిగించలేదమ్మా, అదే బిగుసుకుంటంది" అంది అమ్మ, చేతిని వేరేవాళ్ళ చేతిని చూసినట్టు చూస్తూ.

పట్టీ తీసేశాక నెమ్మదిగా వదిలింది. రీడింగు 180/110. అప్పటికి అమ్మ రోజుకి మూడు రకాల బీపీ మాత్రలు వేసుకుంటోంది.

మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. అమ్మ ఇరవై ఏళ్ళకు పైనే కాశీబుగ్గలో జీడి బట్టీలకు పనికి వెళ్ళింది. చేతులకు బూడిద రాసుకుని పిక్క కొట్టేది, కళ్ళు బాగున్నన్నాళ్ళు పప్పు మీద పొట్టు తీసేది. మా ఇంట్లో పిక్క అంటే రెండు రకాలు, ఒకటి పగలు కొట్టేది, రెండోది రాత్రి పట్టేసేది. అర్ధరాత్రి కాలిపిక్క పట్టేసి అమ్మ లేచి కూర్చుని మూలగడం, నాన్న లేచి కొబ్బరినూనె రాయడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఉన్నది కాదు గానీ, గత ఎనిమిదేళ్ళుగా మా ఇంటి మామూలు. చేతులు కొంకర్లు పోతే "పిక్క కొట్టీ కొట్టీ నరాలు పాడైపోయాయి" అనుకున్నాం. రాత్రి నాలుగైదు సార్లు ఒంటేలుకి లేస్తే "షుగరేమో" అనుకుని చూపించాం, షుగరు లేదు. నీరసం అంటే "వయసు" అన్నాం, అప్పటికి ఆవిడకి నలభై ఆరు.

బీపీకి మాత్రం మా అందరి దగ్గరా ఒకటే జవాబు ఉండేది, ఎండు చేప. ఉద్దానంలో పుట్టిన మనిషి ఎండు నెత్తళ్ళు, టమాటా వేసిన కూర మానేయదు కదా, అందుకే బీపీ తగ్గట్లేదు అని. మేం ముందు చూపించుకున్న డాక్టరు ప్రతిసారీ అదే అడిగేవాడు, "ఉప్పు మానలేదు కదూ?" అని, నవ్వుతూనే. నాన్న కూరలో ఉప్పు తగ్గించేశాడు. మా మావయ్య వచ్చినప్పుడల్లా "ఒలే, నాలిక కట్టుకోయే" అని ఒక ఉపన్యాసం ఇచ్చి, ఇంకో చేప ముక్క వేసుకుని వెళ్ళేవాడు. నేనూ తక్కువ తినలేదు, సైన్సు టీచర్ని కాబట్టి చార్టు గీసి వంటింట్లో గోడకి అంటించాను. అమ్మ ఒకరోజు విసుగొచ్చి "ఉప్పు మానేసి ఏడాదైంది, ఇంక నాలిక కోసి ఉట్టి మీద పెట్టమంటారేటి" అంది. మేం నమ్మలేదు. మేం లేనప్పుడు తింటోందనుకున్నాం. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

చెయ్యి అలా ముడుచుకుపోయిన రోజు మేం విశాఖలో ఉన్నాం. అక్కడ చూసిన డాక్టరమ్మ చిన్న వయసే, హార్మోన్ల డాక్టరు. ఆవిడ ఉప్పు సంగతి అడగలేదు. "పొటాషియం ఎప్పుడైనా చూపించారా?" అంది. నేను సంచిలోంచి రిపోర్టుల కవరు తీశాను, చీర కొన్నప్పుడు షాపువాళ్ళు ఇచ్చే ప్లాస్టిక్ కవరు అది, ఎనిమిదేళ్ళ కాగితాలన్నీ అందులోనే. ఆవిడ ఒక్కొక్కటీ తీసి తారీఖు వరసలో టేబుల్ మీద పేర్చింది. ఆ పని మేమెప్పుడూ చేయలేదు, మేం చూపించిన వాళ్ళూ చేయలేదు. పొటాషియం 3.5కీ 5కీ మధ్య ఉండాలి. అమ్మది తాజా కాగితంలో 2.7. దానికి ఆర్నెల్ల ముందు 3.0. అప్పుడు ఆ డాక్టరు "నీరు మాత్ర వల్ల తగ్గింది, కొబ్బరినీళ్ళు తాగించండి" అన్నాడు, అది తప్పు మాటేం కాదు, ఒంట్లో నీరు లాగే బీపీ మాత్రలు పొటాషియాన్ని కూడా బయటకు పంపేస్తాయి. కానీ ఆ వరసలో అన్నిటికన్నా పాత కాగితం ఒకటుంది. అందులో 3.1. ఆ తేదీ నాటికి అమ్మకి ఇంకా నీరు మాత్ర మొదలే పెట్టలేదు.

డాక్టరమ్మ ఆ కాగితం మీద పెన్సిలుతో గీత గీసి, "ఇది అప్పుడే చెప్పింది" అంది. ఎనిమిదేళ్ళుగా ఆ అంకె మా బీరువాలో, చీరల కింద ఉంది.

నాకు ఇంకో రకం సిగ్గు కూడా ఉంది. నేను పదో తరగతికి నియంత్రణ-సమన్వయం పాఠం చెబుతాను. అధివృక్క గ్రంథి అనగానే పిల్లలకు కుక్క వెంటపడే ఉదాహరణ చెబుతాను, గుండె దడ, చెమటలు, పరుగు, అడ్రినలిన్ అని. పిల్లలు నవ్వుతారు, పాఠం అయిపోతుంది. ఆ అడ్రినలిన్ తయారయ్యేది గ్రంథి లోపలి దవ్వలో. పైన తొక్కలా ఉండే వల్కలం దగ్గరకి వచ్చేసరికి పీరియడు బెల్లు కొడుతుంది. అసలు సంగతంతా ఆ తొక్కలోనే ఉందని, అమ్మ చెయ్యి ముడుచుకుపోయేదాకా నేనూ పట్టించుకోలేదు.

రెండు మూత్రపిండాల మీద టోపీల్లా రెండు గ్రంథులుంటాయి, ఒక్కోటి నాలుగైదు గ్రాములు. వాటి తొక్కలో పైపొర ఆల్డోస్టెరాన్ అనే హార్మోను చేస్తుంది. దాని పని కిడ్నీకి "ఉప్పు పోనివ్వకు" అని చెప్పడం. ఇక్కడ ఒక లెక్క చెబుతాను, తెలిశాక నాకు రెండు రోజులు అదే ఆలోచన. కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో కరిగి ఉన్న సోడియాన్ని ఉప్పు కింద లెక్కకడితే సుమారు కిలోన్నర. కిలోన్నర ఉప్పు, ప్రతిరోజూ! దాదాపు అంతా తిరిగి రక్తంలోకి తీసేసుకుంటాయి కాబట్టి బతికి ఉన్నాం. ఆ తిరిగి తీసుకోవడంలో ఆఖరి రెండు మూడు శాతమే ఆల్డోస్టెరాన్ చేతిలో ఉంటుంది. రెండు శాతమే కదా అనిపిస్తుంది, కానీ కిలోన్నరలో రెండు శాతం అంటే ముప్పై గ్రాములు, మనం రోజంతా తినే ఉప్పు కంటే ఎక్కువ. ఆ ఆఖరి తలుపు దగ్గర కాపలావాడు మాట వినకపోతే, వంటింట్లో మనం చెంచాతో కొలిచి తగ్గించిన ఉప్పు ఏపాటి? పైగా ఆ తలుపు దగ్గర సోడియం లోపలికి రావాలంటే బదులుగా పొటాషియం బయటికి పోతుంది. పొటాషియం పోతే కండరాలకు బలం పోతుంది, పిక్కలు పడతాయి, రాత్రి పదే పదే లేవాల్సొస్తుంది. ఎనిమిదేళ్ళుగా మేం విడివిడిగా పేర్లు పెట్టుకున్న జబ్బులన్నీ ఒకే తలుపు దగ్గరకి చేరాయి.

దీన్ని మొదట పట్టుకున్నాయన పేరు జెరోమ్ కాన్. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం, యాన్ ఆర్బర్ ఊరు. ఆయన కథ నాకెందుకు నచ్చిందంటే అది బీపీతో మొదలవలేదు, చెమటతో మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు పసిఫిక్ దీవుల్లో, మన జూన్ నెల లాంటి ఉక్కపోతలో యుద్ధం చేయాల్సొచ్చింది. చల్లటి దేశం మనుషులు ఆ వేడికి ఎలా అలవాటుపడతారో తేల్చమని కాన్‌ని అడిగారు. ఆయన వేడిలో, తేమలో మనుషుల చేత పని చేయించి, వాళ్ళ చెమటలో ఉప్పెంత, మూత్రంలో ఉప్పెంత, ఉమ్మిలో ఉప్పెంత అని కొలిచాడు. మొదటి రోజుల్లో చెమట ఉప్పగా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ చెమట అలాగే కారుతుంది, అందులో ఉప్పు మాత్రం తగ్గిపోతుంది. ఒళ్ళు ఉప్పుని దాచుకోవడం నేర్చుకుంటుంది. మూత్రంలోనూ, ఉమ్మిలోనూ అంతే. ఇన్ని చోట్ల ఒకేసారి ఒకే మార్పు వచ్చిందంటే రక్తంలో తిరిగే ఏదో ఒక పదార్థం ఈ కబురు మోస్తూ ఉండాలి, అది అధివృక్క వల్కలం నుంచే వస్తూ ఉండాలి అని ఆయన అనుమానం. అప్పటికి ఆల్డోస్టెరాన్ అనే పేరే లేదు.

ఇది చదువుతుంటే నాకు బట్టీ గుర్తొచ్చింది. ఏప్రిల్లో కొత్తగా పనికొచ్చిన ఆడవాళ్ళ జాకెట్ల మీద సాయంత్రానికి తెల్లగా చార కట్టేది, పాత వాళ్ళకి అంతగా ఉండేది కాదు. "కొత్త గుంట, ఇంకా ఒళ్ళు మరగలేదు" అనేవాళ్ళు. ఒళ్ళు మరగడం. కాన్ గారు ల్యాబులో కొలిచిందానికి మా బట్టీలో ముందే మాట ఉంది! (ఇది నేను కలుపుకున్నదే, ఆయన తప్పేమీ లేదు.)

ఆ కబురు మోసే పదార్థాన్ని విడదీసింది లండన్‌లో ఇద్దరు, సిల్వియా సింప్సన్, జేమ్స్ టెయిట్. 1953లో. ఎద్దుల అధివృక్క గ్రంథులు వందల కిలోలు తెచ్చి, స్విట్జర్లాండ్‌లోని బాసెల్ వాళ్ళతో కలిసి, చివరికి కొన్ని మిల్లీగ్రాముల స్ఫటికాలు తీశారు. తర్వాత వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. ఎద్దుల గ్రంథులు వడకడుతూ ప్రేమలో పడ్డారో లేదో నాకు తెలీదు గానీ, నా స్టూడెంట్స్‌కి చెబితే హార్మోను పేరు కంటే ఈ ముక్కే బాగా గుర్తుంది.

1954లో కాన్ దగ్గరకి ఒకామె వచ్చింది. పేరు బయటకి రాలేదు, వైద్య పత్రికల్లో ఎం.డబ్ల్యూ. అని రెండక్షరాలే. వయసు 34. ఏడేళ్ళుగా ఉన్నట్టుండి కాళ్ళు చచ్చుబడటం, కండరాలు పట్టేయడం, చేతులు కొంకర్లు పోవడం. దాంతోపాటు బీపీ. రక్తంలో పొటాషియం బాగా తక్కువ. ఈ ముక్క చదివి నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. చేతులు కొంకర్లు! అమ్మకి నర్సు పట్టీ చుట్టినప్పుడు జరిగిందానికి వైద్యంలో ట్రూసో గుర్తు అని పేరుంది, ఆమెకీ అది కనబడింది.

అందరూ ఆమె పొటాషియం ఎందుకు తక్కువ అని చూస్తే కాన్ మాత్రం తన పాత అలవాటు కొద్దీ ఆమె చెమట కొలిచాడు. వేడిలో నెలలు పనిచేసిన మనిషి చెమటలో కంటే తక్కువ ఉప్పు. చల్లటి యాన్ ఆర్బర్‌లో ఉన్న మనిషికి పసిఫిక్ దీవుల చెమట ఎందుకుంది? అంటే ఆ హార్మోను వేడి లేకుండానే, అవసరం లేకుండానే విరగబడి తయారవుతోంది. ఆమెను నెలల తరబడి వార్డులో ఉంచి తినేది, పోయేది అంతా కొలిచారు. 1954 అక్టోబరులో ఒక వైద్య సభకు అధ్యక్షోపన్యాసం ఇవ్వాల్సొస్తే, కాన్ ఆమె గురించే చెప్పి ఇది కొత్త జబ్బు, కారణం అధివృక్క గ్రంథే అని ప్రకటించాడు. అప్పటికి ఆపరేషన్ జరగలేదు. గ్రంథిని ఎవరూ కళ్ళతో చూడలేదు. తప్పైతే నలుగురిలో పరువు పోయేది.

డిసెంబరులో విలియం బామ్ అనే సర్జన్ ఆపరేషన్ చేశాడు. రెండు గ్రంథులూ తీసేద్దామనే ఉద్దేశంతో మొదలుపెట్టారు, కుడి పక్క తెరిచి చూస్తే అక్కడ నాలుగు సెంటీమీటర్ల గడ్డ. అది తీశారు, రెండోది ముట్టుకోలేదు. ఆమె బీపీ దిగింది, పొటాషియం లేచింది, కొంకర్లు పోయాయి. ఆ జబ్బుకి ఇప్పటికీ కాన్ సిండ్రోమ్ అనే అంటారు, వైద్యంలో పేరు ప్రైమరీ ఆల్డోస్టెరానిజం. గడ్డ ఉండాలనే లేదు, చాలామందికి రెండు గ్రంథులూ కలిసి అతి చేస్తాయని తర్వాత తెలిసింది.

రెనిన్ గురించి చెప్పకపోతే అమ్మకి చేసిన పరీక్ష అర్థం కాదు కాబట్టి గబగబా చెప్పేస్తాను. ఇది కిడ్నీ విడుదల చేసేది. 1898లో స్టాక్‌హోమ్‌లో టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు కిడ్నీ రసం ఇంకో కుందేలుకి ఎక్కించి బీపీ పెరగడం చూశారు, పేరు పెట్టారు, లోకం మర్చిపోయింది. 1934లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీకి వెళ్ళే రక్తనాళాన్ని కొంచెం నొక్కి పెడితే బీపీ లేచింది, అప్పుడు మళ్ళీ తవ్వుకున్నారు. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గినప్పుడు కిడ్నీ రెనిన్ వదులుతుంది, దానివల్ల యాంజియోటెన్సిన్ అనే ఇంకో హార్మోను తయారై అధివృక్కానికి చెబుతుంది, అది ఆల్డోస్టెరాన్ చేస్తుంది. మన మందుల షాపుల్లో పేరు చివర "ప్రిల్" అనీ "సార్టాన్" అనీ ఉండే బీపీ మాత్రలన్నీ ఈ దారిలోనే ఎక్కడో ఒకచోట అడ్డు పెడతాయి. అందులో "ప్రిల్" మాత్రల పుట్టుక బ్రెజిల్‌లోని ఒక విషసర్పం దగ్గర మొదలైంది, అది ఇంకో రోజు.

డాక్టరమ్మ నాకు అర్థం కావడానికి మా భాషలోకే వచ్చింది. "మీ అమ్మగారు పనిచేసిన చోట మేస్త్రి పిలిస్తే కూలీలు వస్తారు కదా. రెనిన్ మేస్త్రి, ఆల్డోస్టెరాన్ కూలీ. పని ఎక్కువుండి మేస్త్రి కేకలేస్తుంటే కూలీలు ఎక్కువ వచ్చారంటే అది న్యాయమే. మేస్త్రి ఇంట్లో పడుకున్నాడు, అయినా కూలీలు కుప్పలుగా దిగారంటే ఏదో తేడా ఉన్నట్టు." ఆ రెండిటి నిష్పత్తి చూస్తే చాలు. ఈ నిష్పత్తి చూసే పద్ధతి 1981లో జపాన్ వాళ్ళు మొదలుపెట్టారు. ఉదయం లేచి రెండు గంటలు తిరిగాక, కాసేపు కూర్చోబెట్టి రక్తం తీస్తారు. అంతకుముందు పొటాషియాన్ని సిరప్‌తో పైకి తెచ్చారు, ఎందుకంటే పొటాషియం తక్కువగా ఉంటే ఆల్డోస్టెరాన్ కూడా తగ్గి కనిపించి మనల్ని మోసం చేస్తుంది. ఆ సిరప్ రుచి గురించి అమ్మ అన్నమాట ఇక్కడ రాయలేను. పైగా "ఉప్పు తగ్గించకండి, మామూలుగా తినండి" అన్నారు, ఉప్పు తగ్గిస్తే రెనిన్ లేచిపోయి లెక్క చెడిపోతుందట. ఎనిమిదేళ్ళ తర్వాత ఒక డాక్టరు నోట ఆ మాట విని అమ్మ నా వైపు చూసిన చూపు ఉంది చూశారూ.

రెండు పరీక్షలకీ కలిపి నాలుగు వేలకు పైనే అయింది. రక్తం ఎక్కడికో పంపారు, రిపోర్టుకి వారం పట్టింది. ఆల్డోస్టెరాన్ ఎక్కువ, రెనిన్ నేలకి కరుచుకుని ఉంది. డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. అమ్మ వేసుకుంటున్న మాత్రల్లో రెండు, టెల్మిసార్టాన్, నీరు మాత్ర, ఇవి రెండూ రెనిన్‌ని పైకి లేపేవే. ఇద్దరు కలిసి లేపుతున్నా లేవలేదంటే ఇంక అనుమానం అక్కర్లేదు అంది. అయినా ఒకరోజు పడుకోబెట్టి నాలుగు గంటల్లో రెండు లీటర్ల సెలైన్ ఎక్కించి మళ్ళీ చూశారు. అంత ఉప్పునీరు ఎక్కిస్తే మామూలు మనిషికి ఆల్డోస్టెరాన్ పడిపోవాలి. అమ్మకి పడలేదు.

స్కాన్‌లో గడ్డ కనబడలేదు, రెండు గ్రంథులూ కొంచెం మందంగా ఉన్నాయి. ఏ పక్కది ఎక్కువ చేస్తోందో కచ్చితంగా తేలాలంటే తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, రెండు గ్రంథుల సిరల నుంచీ విడివిడిగా రక్తం తీయాలి. కుడి పక్క సిర చాలా పొట్టిగా ఉండి నేరుగా పెద్ద సిరలోకి వెళ్ళిపోతుంది, దాన్ని పట్టుకోవడం కష్టం, బాగా అలవాటున్నవాళ్ళే చేయాలి. ఒక పక్కే అని తేలితే ఆపరేషన్‌తో చాలావరకు నయం చేయొచ్చు, రెండు పక్కలా అయితే మాత్రే. అమ్మ మొత్తం విని, "మాత్రతో పోయేదానికి కోతెందుకే అమ్మీ" అంది. నేను వాదించాను, నాన్న వాదించాడు, మావయ్య ఫోన్లో వాదించాడు. ఆవిడ పలాస రైలెక్కేసింది.

ఆ మాత్ర పేరు స్పిరనోలాక్టోన్. ఆల్డోస్టెరాన్ వెళ్ళి కూర్చునే చోట తను కూర్చుంటుంది. 1960 ప్రాంతం నుంచీ ఉన్న మందు, ఖరీదు కూడా పెద్దగా లేదు. 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 50కి తెచ్చారు, నీరు మాత్ర ఆపేశారు. మొదటి రెండు వారాలు ఏమీ తేడా లేదు, నేను లోపల టెన్షన్ పడ్డాను. రెండు నెలలకి 130/80. రాత్రి ఒకసారి లేస్తోంది. పిక్కలు పట్టడం లేదు. నాన్న తలగడ పక్కన పెట్టుకునే కొబ్బరినూనె సీసా మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది.

ఈ జబ్బు అరుదు అని పుస్తకాలు దశాబ్దాల పాటు రాశాయి, బీపీ ఉన్న వందమందిలో ఒకరికి కూడా ఉండదేమో అన్నట్టు. కాన్ 1964లోనే కాదన్నాడు, మామూలు బీపీ అని మనం అనుకుంటున్నవాళ్ళలో నూటికి ఇరవై మంది దాకా ఇదే అయ్యుండొచ్చు అన్నాడు. పేరు పొందిన మనిషి తన జబ్బుని తనే పెద్దది చేసుకుంటున్నాడని పక్కనబెట్టారు, ఆయన కూడా తర్వాత అంకె తగ్గించుకున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందంటే, పొటాషియం తక్కువ ఉంటేనే ఈ జబ్బుని అనుమానించాలి అని అందరూ ఒక గీత గీసుకున్నారు. కానీ ఈ జబ్బున్న వాళ్ళలో ఎక్కువమందికి పొటాషియం మామూలుగానే ఉంటుంది. వలలో పెద్ద చేపలే పడుతున్నాయని సముద్రంలో చిన్నవి లేవనుకున్నట్టు. 1990లలో ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లోని రిచర్డ్ గోర్డన్ బృందం పొటాషియంతో పని లేకుండా నిష్పత్తి చూడటం మొదలుపెడితే ఈ కేసులు ఒక్కసారిగా ఎన్నో రెట్లు బయటపడ్డాయి. ఇప్పుడు లెక్కలు బీపీ ఉన్నవాళ్ళలో నూటికి ఐదు నుంచి పదిమంది అంటున్నాయి, మూడు మందులకీ లొంగని వాళ్ళలో ఇరవై దాకా. కాన్ 1994లో పోయాడు, ఇదంతా పూర్తిగా చూడలేదు. 2025లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ బీపీ ఉన్నవాళ్ళందరికీ ఒకసారి ఈ పరీక్ష చేయమని సూచించింది. అందరికీ! మా అమ్మకి ఎనిమిదేళ్ళలో ఒక్కసారి ఎవరైనా అడిగుంటే చాలు.

కోపం ఆ పాత డాక్టరు మీద మాత్రమే అని కాదు. ఆయన దగ్గర రోజుకి వందమంది ఉంటారు, నేనే కళ్ళతో చూశాను, ఒక్కో మనిషికి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో "ఉప్పు తగ్గించు" అనడం తేలిక, కాగితాలు వరస పేర్చడం కష్టం. కానీ ఆ మాట వల్ల తప్పంతా రోగి నాలిక మీదకి వెళ్ళిపోతుంది. బీపీ తగ్గకపోతే నువ్వు తిన్నావు కాబట్టే తగ్గలేదు. ఇంక వెతకాల్సిన పని ఎవరికీ ఉండదు, ఇంట్లోవాళ్ళకి కూడా. ఆ చార్టు అంటించింది నేనే కదా.

అలాగని ఉప్పు తప్పు లేదని నేను అనడం లేదు, మావయ్య ఇది చదివి ఫోన్ చేస్తాడు కాబట్టి ముందే చెబుతున్నాను. రోజుకి ఐదు గ్రాముల లోపే తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మనం అంతకంటే చాలా ఎక్కువ తింటాం. 1940లలో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ అనే డాక్టరు, బీపీకి మందులే సరిగ్గా లేని రోజుల్లో, రోగులకి ఉప్పు లేని అన్నం, పళ్ళు, పళ్ళరసం, పంచదార లాంటివే పెట్టి చాలామందికి బీపీ దించాడు. అమ్మకి ఈ కథ చెబితే "అన్నమూ పళ్ళూ తిని బతికే కంటే బీపీతో పోవడం నయం" అంది. అసలు ఆల్డోస్టెరాన్ ఎక్కువున్న మనిషికి ఉప్పు మామూలు మనిషికంటే ఎక్కువ చెరుపు చేస్తుంది, గుండెకి, కిడ్నీకి కూడా. కాబట్టి చార్టు ఇంకా గోడ మీదే ఉంది. మూల కొంచెం చిరిగింది, మళ్ళీ అతికించలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం మా ఉద్దానం వాళ్ళకి చెప్పాలి. ఇది చదివి ఎవరూ షాపుకెళ్ళి స్పిరనోలాక్టోన్ కొనుక్కోవద్దు, దండం పెడతాను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఏ పక్కకెళ్ళినా కిడ్నీ జబ్బు ఉన్న ఇల్లు కనబడుతుంది, అది వేరే జబ్బు, దాని కారణం వేరే కథ. కిడ్నీ దెబ్బతిన్న మనిషి ఈ మాత్ర వేసుకుంటే పొటాషియం పోయే దారి మూసుకుపోయి రక్తంలో పెరిగిపోతుంది, అది గుండెని ఆపేసేంత ప్రమాదం. అమ్మకి కూడా కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ బాగుందని చూశాకే ఇచ్చారు, ఇప్పుడు కూడా మూడు నెలలకోసారి పొటాషియం చూపిస్తున్నాం. మగవాళ్ళకైతే ఈ మాత్రతో రొమ్ములు వాచి నొప్పి రావడం ఉంది, దానికి వేరే మందు ఉంది, డాక్టరుకి సిగ్గుపడకుండా చెప్పాలి.

పోయినసారి పొటాషియం 4.9 వచ్చింది. 2.7 నుంచి 4.9! డాక్టరమ్మ ఫోన్లో నవ్వి, "ఇంక పైకి వెళ్ళకూడదు, కొబ్బరినీళ్ళు తగ్గించమనండి" అంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం దండిగా ఉంటుంది కదా. మా పెరట్లో పదకొండు కొబ్బరిచెట్లు. ఆ పాత డాక్టరు చెప్పినప్పటి నుంచీ తాగు తాగు అని వెంటపడి తాగించింది మేమే, అమ్మకి అలవాటైపోయింది, పొద్దున్నే ఒక బొండం లేకపోతే ఆవిడకి తెల్లారదు.

ఆదివారం ఇంటికెళ్ళి ఈ కబురు ఎలా చెప్పాలా అని నేను నసుగుతుంటే అమ్మ ఎండు నెత్తళ్ళు కడుగుతోంది, ఉప్పు పోవడానికి మూడు నీళ్ళు మార్చి, వేడినీళ్ళలో ఒకసారి ముంచి. చెప్పాను. చేతిలో పని ఆపలేదు. "చేపొద్దన్నారు, ఇప్పుడు నీళ్ళొద్దంటారేటి" అంది. కాసేపాగి, గోడవతల పక్కింటి పిన్నిని కేకేసింది, "ఒలే, నాలుగు బొండాలున్నాయి, వొచ్చి కొట్టించుకెళ్ళు. నాకొద్దన్నారు గాని ఊరికొద్దన్లేదు."